వెర్నా వదిన వదిలిపోయిన రేకు

వెర్నా వదిన పోయాక ఆ షెడ్డు తలుపు తీయడం అదే మొదటిసారి. లోపల తుప్పునీళ్ళ వాసన. మధ్యలో కరెంటు మంటతో రేకులు కోసే బల్ల, దాని కింద తొట్టి నిండా నల్లటి నీళ్ళు. పైన ఇనప పట్టీల మీద సగం కోసిన రేకు అలాగే పడివుంది.

వాళ్ళ పొలం వెనక రెల్లు కుంట, దాని మీంచి లేచిపోతున్న పెద్దబాతులు. అదీ బొమ్మ. రెండు బాతులు పూర్తయ్యాయి. మూడోదానికి తల, మెడ వచ్చాయి, రెక్క రాలేదు. చలికాలం చివర ఆ రెక్క దగ్గరే దగ్గుతెర కమ్మి, వదిన మిషను ఆపి ఇంట్లోకి వెళ్ళింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

"నేల గడ్డకట్టక ముందే దీన్ని ఆమె సమాధి తల దగ్గర పాతాలి," అన్నాడు ఆర్లో అన్నయ్య. "రాయి వద్దంది. ఇదే పెట్టమంది. మంచు పట్టిందంటే మళ్ళీ ఏప్రిల్ దాకా గడ్డపార దిగదు."

ఆయనకి గోధుమ తెలుసు, బీటుదుంప తెలుసు. ఈ మిషను జోలికి ఎన్నడూ పోలేదు. అందుకే మా ఆయన డెల్మర్‌ని రమ్మన్నాడు. డెల్మర్ వదినకి సొంత తమ్ముడు. మా గరాజులోనూ ఇలాంటి బల్లే ఉంది. సెలవురోజుల్లో ఊళ్ళోవాళ్ళకి గేటు బొమ్మలు కోసిపెడుతుంటాడు.

డెల్మర్ రేకు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఒక మూల అణిగితే ఇంకో మూల లేచింది.

"వేయించిన అప్పడంలా తయారైంది బావా. ఒకచోట పల్లం, ఒకచోట మెట్ట."

"అయితే కోయలేవా?"

"కోయలేకేం! దానికేగా ఈ డబ్బా ఉంది." గోడకున్న చిన్న పెట్టెని తట్టాడు. "మంట చిమ్మే ఈ టార్చి మూతి రేకుకి దూరమయ్యేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. పెరిగితే ఇది టార్చిని దించుతుంది, తగ్గితే ఎత్తుతుంది. రేకు ఎగుడుదిగుడుగా ఉన్నా దాని వెంటే పోతుంది. మనం కాఫీ తాగుతూ కూచోవచ్చు."

"మరి మీ అక్క ఎందుకట పొద్దస్తమానం ఆ బకెట్టు మీద కూచునేది? పొదిగే కోడిలాగా?"

"నీ మొహం చూడలేకేమో!"

అన్నయ్య నవ్వాడు. జూన్ నెలలో ఆమెని పాతిపెట్టాక ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

దాణా బకెట్టు బల్ల పక్కన బోర్లించే ఉంది. దాని ఎదురుగా దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కప్పిన కీబోర్డు. మీటలన్నిటి మీదా అక్షరాలున్నాయి, ఒక్కదాని మీద లేదు. అక్కడ ప్లాస్టిక్ కూడా చిరిగి, మీట బట్టతలలా నున్నగా మెరుస్తోంది.

"మా అక్క దీన్నొక్కదాన్నే అరగదీసింది, చూశావా," అన్నాడు డెల్మర్, తన పనిలో తానుండి.

కంప్రెసర్ మొదలైంది. ఆగిన గీత దగ్గరికి టార్చిని తెచ్చాడు. నిప్పు చిమ్మింది. రేకు లేచినచోట టార్చి లేచింది, కుంగినచోట కుంగింది, మనిషి చెయ్యి పట్టి నడిపించినట్టు. రెక్క మొదటి ఈక వచ్చింది. రెండోది వచ్చింది. అన్నయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మూడో ఈక చివర గీత వెళ్ళి వదిన కోసిన పాత గీతని దాటాలి. అక్కడ కింద రేకు లేదు, సందు. మంట రేకు అంచు కోసం పక్కకి సాగింది. వోల్టేజీ ఒక్కసారి పెరిగింది. టార్చి పైకి పోయిందనుకుంది డబ్బా. కిందికి తోసింది. మూతి వెళ్ళి ఆ సందులో దిగబడింది, మిషను మాత్రం ఆగలేదు. రేకుని పట్టీల మీంచి ఈడ్చుకుంటూ పోయింది, మండుతూనే, బాతు మెడకి అడ్డంగా.

డెల్మర్ ఎర్ర బొత్తాం గుద్దేసరికి అంతా అయిపోయింది. తల తెగి తొట్టిలో పడింది. ముందు పూర్తయిన రెండు బాతులూ నలిగి ఒకదాని మీదొకటి ముడుచుకుపోయాయి.

కంప్రెసర్ ఇంకా మోగుతోంది. ఎవరూ ఆపలేదు.

"నాకెప్పుడూ ఇలా కాలేదు బావా," అన్నాడు డెల్మర్. అది నిజమే. తనెప్పుడూ కొత్త రేకు వేసి, ఒక్క ఊపులో కోసి తీసేసేవాడు. కోసినదాన్ని మళ్ళీ దాటే పని తనకి పడలేదు.

వంగి ఆ అరిగిన మీట నొక్కాడు. తెర మీద ఎత్తు చూసే డబ్బా పేరు పక్కన పచ్చదీపం ఆరింది. వదిలాడు, వెలిగింది. నొక్కాడు, ఆరింది.

అన్నయ్య చూస్తున్నాడు.

"అంటే... సందు వచ్చినప్పుడల్లా?"

"వచ్చినప్పుడల్లా నొక్కి, దాటాక వదలాలి. కళ్ళార్పకుండా కూచుంటే గానీ కుదరదు."

"నేనేమో లోపలికి రావే, అన్నం చల్లారిపోతోంది, అదే కోసుకుంటుందిలే అనేవాణ్ణి. 'వస్తున్నా' అనేది. వచ్చేది కాదు."

"బొమ్మ కంప్యూటర్లో ఉంది బావా. రేపు కొత్త రేకు తెస్తా. ఈసారి నేనే కూచుంటా. ఈకతో సహా అచ్చం అలాగే..."

"ఎవరు కోసినట్టురా అది?"

డెల్మర్ బయటికి వెళ్ళి ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి అతని వీపు ఎగసిపడటం కనిపించింది.

అన్నయ్య చొక్కా చెయ్యి కూడా మడవకుండా పట్టీల సందులోంచి తొట్టిలోకి మోచేతి దాకా చెయ్యి ముంచాడు. చలికి నీళ్ళ మీద పలచగా మంచు పెంకు కట్టింది, పటపట విరిగింది. అడుగున పేరుకున్న బురదలోంచి తడుముతూ ముక్కలు తీసి, నా ముందు నేల మీద పెట్టసాగాడు. నల్లటి చిన్నచిన్న ముక్కలు. వదిన ఈ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ పేరుబోర్డులు కోసిచ్చింది. అక్షరాల కడుపుల్లోంచి రాలిన ముక్కలే అవన్నీ. గుండ్రటివి, కోడిగుడ్డు ఆకారంలోవి, మూడు మూలలవి. పెళ్ళైనవాళ్ళ పేర్లవి, పోయినవాళ్ళ పేర్లవి.

"అన్నయ్యా, చాలు. చేతులు కొంకర్లు పోతాయి."

వినలేదు. ఆయన వేళ్ళు నీలంగా మారాయి. తొట్టి అడుగు ఎక్కడ తడిమినా ముక్కలే. ముక్కల వరస నా కాళ్ళ దాకా వచ్చింది.

"నా కళ్ళకి ఆనడం లేదు చెల్లీ. ఇందులో బాతు తల ఏది?"

వంగి చూశాను. ఒక్కొక్కటే తిప్పి చూశాను. లేదు.

"ఏదో ఒకటి చూపించమ్మా. నమ్ముతాను."

కోడిగుడ్డు ఆకారం ముక్క ఒకటి నా చేతిలోనే ఉంది. ఎవరి ఇంటి పేరులోదో. అదేనని ఇవ్వొచ్చు. ఇవ్వలేక నేల మీదే పెట్టేశాను. ఆయన నా మొహం చూసి, మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టాడు.