‘నా చెయ్యి’ తర్వాత

ఒక్క నిమిషం ఆగండి. తాళాలు జేబులో వేసుకుని లిఫ్టు వైపు పరుగెత్తకండి, మీ కారు ఎక్కడికీ పోదు. వినండి. ఈ సెల్లార్ పార్కింగులో ఆ మూల, పసుపు స్తంభానికి అవతల, టికెట్లిచ్చే అద్దాల గదిలోంచి ఓ సన్నని ఆడగొంతు వస్తోంది కదా, పైకి వెళ్లేకొద్దీ కాస్త బొంగురుపోతూ? అది ఆడగొంతు కాదు. ఆ గదిలో ఉన్నది అరవైకి దగ్గరపడ్డ మగమనిషి. తెల్లబడ్డ మీసాలు, బొత్తాల దగ్గర బిగుసుకున్న యూనిఫాం చొక్కా, మెళ్లో ఈల. కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, కుడిచేతిని గాల్లో పైకీ కిందకీ మెల్లగా ఊపుతూ సొప్రానో, అంటే ఆడవాళ్ల పైగొంతు, పాడుతున్నాడు. టికెట్ల మిషనుకు ఆనించి నిలబెట్టిన ఫోన్ మీద ఎర్ర మైకు బొమ్మ వెలుగుతోంది.

"దారి తెలియని ఈ ప్రయాణం దాటేదాకా నా చెయ్యి..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. ‘విడువకు ప్రభువా’ అన్న మాట పెదాల దాకా వచ్చి, దాన్ని బయటికి తోసే గాలి లేక అక్కడే నిలబడిపోయింది. గాలి దొరికేసరికి ర్యాంపు మీద హారన్ మోగింది. ఆయన చెత్తబుట్ట బొమ్మ నొక్కి రికార్డింగ్ చెరిపేశాడు, రెండో చేత్తో గేటు కర్ర లేపే బొత్తాం నొక్కాడు.

"ఏం బాబాయ్, పొద్దున్నే లోపల ఎవరో ఆవిడ పాడుతోంది?" కారాయన అద్దం దించాడు.

"మా ఆవిడే సార్. నా గొంతులో కాపురం పెట్టింది."

కారాయన నవ్వుకుంటూ పోయాడు. బాబాయ్ లేచి గోడ దగ్గరకెళ్లి, ఆపేసిన పెద్ద ఫ్యాన్ స్విచ్ మళ్లీ వేశాడు. అది బండ్ల పొగను బయటికి లాగే ఫ్యాన్. తిరిగితే సెల్లార్ అంతా విమానం ఎగురుతున్నట్టు ఒకటే రొద. అందుకే రికార్డింగ్‌కి కూర్చున్నప్పుడల్లా దాన్ని ఆపేస్తాడు. ఆపితే పాట శుభ్రంగా వస్తుంది, గోడలు దాన్ని తిప్పి తిప్పి పెద్ద మందిరంలో పాడినట్టు చేస్తాయి. కాకపోతే పొగ కదలదు. పైఅంతస్తు మేనేజరు ఈ సంగతి కనిపెట్టి రెండుసార్లు కేకలేశాడు. "పాటకోసం ప్రాణం తీసుకుంటావా ఏంటయ్యా" అన్నాడు. బాబాయ్ తల గోక్కుని, "ఇంకెప్పుడూ చెయ్యను సార్" అన్నాడు. ఆ మాట అనడం కూడా ఆయనకి రోజూ గేటు ఎత్తడంలాగే అలవాటైపోయింది.

చర్చిలో కూడా ఆయన అందరికీ బాబాయే. పెద్ద పాటగాడేం కాదు. సోలో ఇస్తే వణుకుతాడు, మైకు ఇస్తే దూరంగా పెట్టుకుంటాడు. కానీ క్వాయర్‌లో, అంటే చర్చి పాటల బృందంలో, సగంమందికి నోట్స్ చదవడం రాదు, మిగతా సగానికి ప్రాక్టీసుకి రావడం కుదరదు. ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఒకాయన బస్సు డ్రైవరు, ఇద్దరు అక్కచెల్లెళ్లు టైలరింగ్ చేస్తారు. వీళ్లంతా ఒకచోట చేరడమంటే మాటలు కాదు. అలాంటప్పుడు బాబాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. పాటలోని నాలుగు గొంతులూ, ఆడవాళ్ల సొప్రానో, ఆల్టో, మగవాళ్ల టెనర్, బేస్, తనే విడివిడిగా పాడి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరి గొంతు వాళ్లు వింటూ నేర్చుకోవచ్చు, వంట చేస్తూనో, బస్సు నడుపుతూనో. ప్రతి వాయిస్ మెసేజీ ఒకేలా మొదలయ్యేది: "అందరికీ వందనాలు. ఇది సొప్రానో. నవ్వకండి."

అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా ఎక్కువ ఆయన భార్యే. ఆవిడ సొప్రానోలో ముందువరస. పొయ్యి దగ్గర ఫోన్ పెట్టుకుని మొగుడి సన్నగొంతు వింటూ మొగుడి వెనకే పాడేది. "మీ సొప్రానో విని పాలవాడు ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడండీ. పాపం, చెప్పులు విప్పి నిలబడ్డాడు" అని ఒకసారి గ్రూపులోనే పెట్టింది. దాని కింద వరసగా ఇరవైమంది నవ్వే బొమ్మలు.

పోయిన ఏడాది పాస్టరుగారు వాళ్లమ్మ రాసుకున్న పాట ఒకటి తెచ్చిచ్చారు. బాబాయ్ ఇదే గదిలో కూర్చుని ముందు సొప్రానో పాడాడు. ఎన్నడూ లేనిది, ‘నా చెయ్యి’ దగ్గర ఊపిరి తెగిపోయింది. కొంచెంసేపు ఆగి, మిగతాది అందుకున్నాడు. మళ్లీ పాడే ఓపిక లేక దాన్నే పంపేశాడు. తర్వాత ఎప్పట్లాగే పాత ఫోన్‌లో ఆ సొప్రానో పెట్టి, చెవిలో వింటూ, దానికి సరిపోయేలా కొత్త ఫోన్‌లో మిగతా మూడు గొంతులూ పాడాడు. సొప్రానో ఆగినచోట ఆల్టో ఆగింది, టెనర్ ఆగింది, బేస్ కూడా ఆగింది. నాలుగు గొంతుల్లోనూ ఒకేచోట, ఒకే కొలతలో, ఆయన ఊపిరి కోసం వెతుక్కున్న ఆ కాస్త సమయం అచ్చుపడిపోయింది.

ఎవరి ఇంట్లో వాళ్లు అలాగే నేర్చుకున్నారు. ఆదివారం క్వాయర్ మొత్తం ‘నా చెయ్యి’ దగ్గర ఒక్కసారిగా ఆగింది. చర్చిలో ఎవరూ కదల్లేదు, చంటిపిల్ల కూడా నోట్లో వేలు పెట్టుకుని అలా చూసింది. తర్వాత అందరూ కలిసి ‘విడువకు ప్రభువా’ అని అందుకున్నారు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరో తీసిన వీడియో ఒకరినుంచి ఒకరికి పోయి పోయి, బాబాయ్ పేరు కూడా వినని ఊళ్లలో తిరిగింది. ‘ఆ మౌనం చాలు’ అని రాశారు జనం. ‘ఆ ఆగడంలోనే దేవుడున్నాడు’ అని రాశారు.

బాబాయ్ అవన్నీ చదివి ఫోన్ బోర్లించాడు. అది మౌనం కాదు, ఆయాసం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకి అసలే చెప్పలేదు. "ఎందుకు ఆపారండీ అక్కడ?" అని ఆవిడ అడిగితే "కారొచ్చింది" అన్నాడు.

ఆ అబద్ధం ఈరోజు మెడకు చుట్టుకుంది. క్వాయర్‌ని నడిపించే అమ్మాయి స్కూల్లో లెక్కల టీచరు. ఆ టీచరమ్మ నిన్న సాయంత్రం ఫోన్ చేసింది.

"బాబాయ్, చాలా చర్చిలు కలిసి పెద్ద ప్రార్థన కూడిక పెడుతున్నాయి. మన పాట పాడతారంట. నాలుగు గొంతులూ నోట్స్‌తో సహా అడుగుతున్నారు. అన్నీ రాసేశాను. ఆ గ్యాప్ ఒక్కటే తెలీట్లేదు. అది ఎన్ని లెక్కలు?"

"ఏ గ్యాప్ తల్లీ?"

"ఏ గ్యాప్ అంటారేంటి, లోకమంతా ఏడ్చిన గ్యాప్. నేను కొలిస్తే మూడు కాదు, నాలుగు కాదు. మధ్యలో ఎక్కడో ఉంది."

"అది... అంత కొలిచి పెట్టింది కాదులే."

"మరి ఎలా రాయమంటారు? పోనీ గ్యాప్ లేకుండా పాడి పంపండి, అలాగే రాసిస్తాను. రేపు సాయంత్రానికి కావాలి బాబాయ్. మీరేదంటే అదే."

రాత్రంతా ఆయనకి ఆ మాటే. తన చర్చివాళ్లంటే తనవాళ్లు, ఎలా పాడినా ఇంటిమాట. కానీ ముక్కూ మొహం తెలియని వందలమంది నిలబడి తన రోగాన్ని రాగం అనుకుని పాడడమా? పాస్టరుగారి తల్లి రాసిన పాటని, ఆవిడ ఎలా రాసిందో అలా, ఒక్కటంటే ఒక్కసారి తెగకుండా పాడి పంపాలి. అది చాలు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు, దగ్గు చూసి పోరుపెట్టిన భార్యకి ‘సోమవారం వెళ్దాం’ అని ఎలాగూ మాటిచ్చాడు. ఏ సోమవారమో చెప్పలేదు, అంతే.

పొద్దుటి నుంచి అదే పని. ఫ్యాన్ ఆపడం, పాడడం, ఆగిపోవడం, చెరిపేయడం, ఫ్యాన్ వేయడం. మధ్యలో టికెట్లు, చిల్లర, ‘ఎడమకి తిప్పండి, ఇంకా, ఇంకా, చాలు చాలు.’ ఒకసారి ‘చెయ్యి’ని గబగబా దాటేద్దామని చూస్తే పాట పరుగెత్తే బస్సు ఎక్కుతున్నట్టు తయారైంది. ఒకసారి ముందే నిండా ఊపిరి పీల్చుకుంటే పొగకి దగ్గొచ్చింది. ఛాతీ మధ్యలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. అక్కడ అరచేత్తో రుద్దుకుని, కుర్చీలో భార్య కుట్టిచ్చిన దిండు సర్దుకున్నాడు.

పదకొండు దాటాక ఒకావిడ టికెట్ తీసుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు ఆ వీడియోలో వెనక వరసలో ఉంటారు కదండీ? చివర, కళ్లు మూసుకుని."

"అవునమ్మా."

"మా నాన్న చనిపోయిన వారంలో ఆ వీడియో నాకెవరో పంపారు. ఆఖర్లో ఆయన చెయ్యి నేనే పట్టుకున్నాను. మీరంతా అక్కడ ఆగారు చూడండి..." ఆవిడ టికెట్‌ని రెండుగా మడిచింది, మళ్లీ విప్పింది. "అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదండీ. అక్కడే వచ్చింది."

అది పాట కాదమ్మా, నాకు ఊపిరాడలేదు, అని చెప్పేద్దామనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్లు చూసి మింగేశాడు.

"టికెట్ మడవకమ్మా, మిషను తీసుకోదు" అన్నాడు మెత్తగా.

ఆవిడ కన్నీళ్లలోనే నవ్వింది. కారు వెళ్లిపోయాక ఆయన చాలాసేపు గేటు దించడం మరిచిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలవేళకి సెల్లార్ సద్దుమణిగింది. భార్య మెసేజీ వచ్చింది: "బయల్దేరా. సొప్రానో ఆవిడకి ఆకలేస్తోందా?" ఆయన నవ్వుకుని, "తొందరగా రా, టెనర్ ఆయన కూడా ఉన్నాడు" అని కొట్టాడు. దాని పైనే టీచరమ్మ మెసేజీ: "బాబాయ్, అయ్యిందా?"

లేచి ఫ్యాన్ ఆపేశాడు. రొద తగ్గి తగ్గి, ఎక్కడో పైపులోంచి నీటిచుక్క పడే చప్పుడు దాకా దిగింది. మైకు బొమ్మ నొక్కి పైకి జరిపాడు. అలా జరిపితే వేలు తీసినా రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది, టీచరమ్మే నేర్పింది. ఈసారి సొప్రానో వద్దనుకున్నాడు. ఏ గొంతూ వద్దు. తన గొంతుతో పాడాలి. స్నానానికి నీళ్లు తోడుకుంటూ పాడుకునేలా, కిందిగొంతుతో.

"అందరికీ వందనాలు" అన్నాడు. నవ్వకండి అనలేదు.

పాట దానంతటదే వచ్చింది. అంత తేలిగ్గా వస్తుందని ఆయన అనుకోలేదు. గోడలు దాన్ని అందుకుని వెనక్కి ఇస్తున్నాయి, తను ఒక్కడే కాదన్నట్టు. చెయ్యి గాల్లో పైకీ కిందకీ ఊగింది. పొద్దుటావిడ మొహం గుర్తొచ్చింది, వాళ్ల నాన్న చెయ్యి గుర్తొచ్చింది, తను ఎన్నడూ చూడని చెయ్యి.

"దారి తెలియని ఈ ప్రయాణం దాటేదాకా నా చెయ్యి..."

ఆగాడు. ఊపిరి రాలేదు. కంగారుపడలేదు. ప్రతిసారీ వచ్చేది కదా, ఇప్పుడూ వస్తుందని నోరు కాస్త తెరిచి పెట్టుకుని, తల కుర్చీకి ఆనించి, ఎదురుచూశాడు.

భార్య అన్నం క్యారియర్ పట్టుకుని ర్యాంపు దిగుతూనే గమనించింది, ఫ్యాన్ ఆగి ఉంది. అంటే రికార్డింగ్. వెంటనే చెప్పులు చప్పుడు కాకుండా తీసి చేత్తో పట్టుకుంది. గేటు దగ్గర ఒక కారు నిలబడి ఉంది. హారన్ కొట్టబోతున్న కారాయనకి పెదాల మీద వేలు పెట్టి సైగ చేసింది. అద్దాల గది దాకా మునివేళ్ల మీద వచ్చింది. లోపల ఫోన్ మీద ఎర్ర మైకు వెలుగుతోంది, ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఏ చోట ఆగాడో ఆవిడకి తెలుసు. ఆ ఆగడం కొలత ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ‘విడువకు’ అందుకోడానికి ఆవిడ కూడా లోపల్లోపల ఊపిరి పీల్చుకుని సిద్ధంగా నిలబడింది.

నిలబడింది. కారాయన కూడా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడ పీల్చుకున్న ఊపిరి మెల్లగా వదిలేసింది. చెప్పులు కింద పెట్టింది. తలుపు తీసింది.

"ఏమండీ" అంది, ఇంకా గుసగుసగానే.

తర్వాత కారాయన పరుగెత్తుకొచ్చాడు, పైనుంచి మేనేజరు వచ్చాడు, ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. మేనేజరు ముందు ఫ్యాన్ స్విచ్ వైపు చూశాడు, తర్వాత నేలవైపు. అంబులెన్సులో వచ్చినవాళ్లు ఆయన చెయ్యి పట్టి నాడి చూసి, మెల్లగా కింద పెట్టారు. ఆవిడ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని కుర్చీ పక్కనే కూర్చుంది. అందరూ ఎందుకు మెల్లగా మాట్లాడుకుంటున్నారో వాళ్లకీ తెలీదు.

అప్పుడు చూసింది ఆవిడ. టికెట్ల మిషనుకు ఆనించిన ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఎవరైనా కదిలినా, నిట్టూర్చినా తెరమీద సన్నని గీతలు లేచి పడుతున్నాయి. ఆయన పాట, ఆ ఆగడం, ఆ ఆగడంలో ఆవిడ అడుగులు, ఆ ‘ఏమండీ’, అన్నీ దాన్లోనే ఉన్నాయి. పైన టీచరమ్మ మెసేజీ ఇంకొకటి మెరిసింది: "బాబాయ్, ఎదురుచూస్తున్నా." కింద ఒక పక్క చెత్తబుట్ట బొమ్మ, ఇంకో పక్క పంపే బాణం గుర్తు. ఆవిడ వేలు ఆ రెంటి మధ్యా ఆగి ఉంది. ఆ ఫోన్ మీ చేతిలో ఉంటే, మీరేం చేసేవారు?