వెనక వరసలో మనిషి

చెవుల డాక్టరమ్మ క్లినిక్‌కి వెబ్‌సైటు ఉందన్న మాటే గానీ, దానివల్ల వచ్చేవాళ్లకు మేలు కన్నా తిప్పలే ఎక్కువ. ఎప్పుడో డాక్టరమ్మ మేనల్లుడు సరదాగా తయారుచేసి పెట్టిన సైటది. క్లినిక్ రెండు వీధుల అవతలికి మారినా అందులో పాత చిరునామాయే ఉండేది. ఒక్క ముక్క మార్చాలన్నా మేనల్లుణ్ణి పట్టుకోవాలి. అతగాడు దొరకడం కన్నా దొంగ దొరకడం తేలిక. చివరికి ఒక ముసలాయన వినికిడి మిషను బాగుచేయించుకుందామని పాత చిరునామాకి వెళ్లి, అక్కడ కొత్తగా వెలసిన జిమ్‌లో తన వంతు కోసం అరగంట కూర్చుని వచ్చాడు. ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ చిట్టిని పిలిచి, "కొత్త సైటు పెడదాం. మనకి మనమే మార్చుకునేలా ఉండాలి. ఏది మంచిదో నువ్వే చూడు," అంది.

చిట్టి ఆ క్లినిక్ మేనేజరు. తల్లి ఒకసారి చెవి పరీక్షకని వచ్చి అందరి ముందూ 'చిట్టీ' అని కేకవేసిన దగ్గర్నుంచి ఇంట్లో పిలిచే ఆ పేరే అక్కడా స్థిరపడిపోయింది. ఏ పనైనా చేతిలోకి తీసుకుంటే అంతు చూసేదాకా నిద్రపోని మనిషి. సైటు వెనక ఉండి, రాతలూ ఫొటోలూ ఎవరికి వాళ్లు మార్చుకునేలా చేసే సాఫ్ట్‌వేరుని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారనీ, అందులో బోలెడు రకాలున్నాయనీ తెలుసుకుంది. రెండింటిని స్వయంగా వాడి చూసింది. మొదటిది ఉచితం, కానీ అప్‌డేట్ చేసినప్పుడల్లా అపాయింట్‌మెంటు పేజీ జాడ లేకుండా పోయేది. రెండోది చూడముచ్చటగా ఉంది గానీ అందులో అక్షరాలు పెద్దవి చేసే వీల్లేదు. చెవులు మందగించిన వాళ్లలో సగం మందికి కళ్లూ అంతంతమాత్రమే కదా అని దాన్నీ పక్కన పెట్టింది.

మూడోది ఒక చిన్న కంపెనీ వాళ్లది. దాన్ని చూపించడానికి ఆ కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. బట్టతల, మంచి మాటకారి. డాక్టరమ్మ గదిలో బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, తమ దగ్గర సైటు చేయించుకున్న ఒక మొక్కల నర్సరీని చూపించాడు.

"ఫొటో పెట్టడం ఎంత సులువో చూడండి మేడమ్. ఇది వాళ్ల సిబ్బంది అందరి ఫొటో. ఇందులో మనకి ఒక్కళ్ల మొహమే కావాలనుకోండి. ఇలా పెట్టె లాగి, కావలసిన మొహం మీద పెడితే చాలు. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

ఆయన వేలు ఎటు పోతే పెట్టె అటు పోయింది. ముందు వరసలో వాళ్లని దాటి, వెనక వరసలో మొక్కల ట్రే పట్టుకుని నిలబడ్డ మనిషి మొహం మీద ఆగింది. మరుక్షణం ఆ మొహం తెర నిండా వచ్చింది.

చిట్టి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

జుట్టు పలచబడింది. గడ్డం పెరిగింది. కానీ ఎడమ కనుబొమని రెండుగా చీల్చిన ఆ గాటు, కొద్దిగా ముందుకి వంగిన ఆ కుడిచెవి... అది ఆమె అన్నయ్య. పదకొండేళ్ల కిందట లాంచీ మునిగి పోయాడనుకున్న అన్నయ్య.

"ఏమ్మా, అలా అయిపోయావు?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదండీ." ఆ రెండు మాటలూ ఎలా వచ్చాయో ఆమెకే తెలీదు. పోలికలు కలవడం లోకంలో లేనిదా అని తనకి తను చెప్పుకుంది. పోలికకి గాటు కూడా ఉంటుందా అని వెంటనే తనే అడుక్కుంది.

"ఈయన..." అంటూ తెరకేసి చూపించింది.

"ఆయనా? ఆ నర్సరీ సైటంతా చూసుకునేది ఆయనే. అసలు పేరేదో ఉంది గానీ, మేమంతా మొక్కలాయన అనే పిలుస్తాం. కంప్యూటరు ముక్క తెలీని మనిషి; మా సిస్టమ్ రెండు రోజుల్లో నేర్చేసుకున్నాడు. కావాలంటే ఇప్పుడే మాట్లాడిస్తాను. వాడే వాళ్ల నోటి మాట కన్నా సాక్ష్యం ఏముంటుంది?"

చిట్టి వద్దనేలోపే ఫోను మోగడం మొదలైంది. స్పీకరులో పెట్టి బల్ల మధ్యన ఉంచాడాయన.

"హలో. చెప్పండి సార్."

ఫొటో అబద్ధం చెప్పినా గొంతు చెప్పదు. చిన్నప్పుడు గోడ అవతలి నుంచి వింటూ నిద్రపోయిన గొంతు. చిట్టి బల్ల అంచు పట్టుకుంది.

డాక్టరమ్మే మాట కలిపింది. సైటు ఎప్పుడైనా ఆగిపోయిందా, ఫోను చేస్తే కంపెనీ వాళ్లు పలుకుతారా అని అడిగింది. అవతలి మనిషి తాపీగా జవాబులు చెప్పాడు. మొక్కల ధరలు తనే మార్చుకుంటాననీ, ఒకసారి పొరపాటున పేజీ మొత్తం చెరిపేస్తే పాతది మళ్లీ తెచ్చుకోగలిగాననీ అన్నాడు.

"మా చిట్టి కూడా ఏదో అడగాలంటోంది. రేపు వాడాల్సింది తనే కదా," అని డాక్టరమ్మ ఫోను ఇటు జరిపింది. "అడుగు చిట్టీ."

ఫోనులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగిపోయింది.

ఏం అడగాలో రాసిపెట్టుకున్నదంతా ఎగిరిపోయింది. "పాత సైటులోంచి తెచ్చుకునేటప్పుడు... ఏవైనా పోయాయాండీ?" అంది.

అవతల ఏదో కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "ఎవరు మాట్లాడేది?" అన్నాడు. ఆ వెంటనే లైను తెగిపోయింది.

"పాపం, తోటలో సిగ్నలు ఉండదు," అన్నాడు కంపెనీ ఆయన.

నంబరు రాయించుకుని చిట్టి బయటికొచ్చింది. క్లినిక్‌లో చెవులు పరీక్షించే గది ఒకటుంది. గోడలకి మందంగా స్పాంజి; తలుపేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోదు. అందులో దూరి, పేషెంట్లు కూర్చునే కుర్చీలో కూలబడి ఫోను చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి ఊరుకున్నాడు.

"అన్నయ్యా."

చిట్టి ఫోనుని రెండు చేతులతో చెవికి నొక్కి పట్టుకుంది.

"మాట్లాడకపోతే ఇప్పుడే బస్సెక్కి వచ్చేస్తాను."

"చిట్టీ," అన్నాడు. ఆపైన చాలాసేపు ఏడ్చాడు.

చిట్టి వాళ్లకి ఇంట్లోనే అచ్చాఫీసు ఉంది. పదకొండేళ్ల కిందట తండ్రి అక్కడ కాగితాల దొంతర సర్దుతుండగా, ఆయన చెయ్యి ఇంకా లోపలే ఉందని చూడక అన్నయ్య కటింగ్ మిషను నొక్కాడు. తండ్రి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆసుపత్రి మంచం మీంచి ఆయన అన్న మాట ఒక్కటే: "వాణ్ణి నా కంటికి కనబడనివ్వకండి." మర్నాడే అన్నయ్య సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే గాలివానకి లాంచీ తిరగబడింది. ఎక్కినవాళ్ల జాబితాలో అతని పేరుంది, ఒడ్డున బురదలో అతని సంచీ దొరికింది, మనిషి మాత్రం దొరకలేదు. తల్లి ఏడాది పాటు మంచం దిగలేదు. బడి మానేసి వంటా ఇల్లూ చూసుకుంది చిట్టి.

"లాంచీ కదలబోయే ముందు టీ తాగొద్దామని దిగాను," అన్నాడు ఇప్పుడు. "వెనక్కొచ్చేసరికి వెళ్లిపోయింది. సంచీ అందులోనే ఉండిపోయింది. మర్నాడు పేపర్లో పోయినవాళ్ల పేర్లలో నా పేరు చూసుకున్నాను. ఇదే నయం, ఇలాగే ఉండనీ అనిపించింది."

"నయమా? అమ్మ ఏమైపోయిందో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నాన్న చెప్పాడు."

చిట్టికి అర్థం కాలేదు. ఏ నాన్న అని అడగబోయింది.

"మూడో ఏడు కాగితం కొనడానికి ఇటొచ్చాడు. రోడ్డు మీద మొక్కల బండి తోస్తుంటే చూశాడు. అప్పట్నుంచి ఏటా వస్తాడు. ఇంటికి రమ్మన్నాడు. రానన్నాను. ఇంట్లో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

పిడుగు ఒకటి పడితే మనిషి అదిరిపడతాడు. వెంటనే రెండోది పడితే అదరడానికి కూడా శక్తి మిగలదు. చిట్టి ఆ మెత్తటి గోడల మధ్య ఎంతసేపు కూర్చుందో తెలీదు. తండ్రి కాగితం కొనడానికి ఊరెళ్లి రావడం, వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినకపోవడం, తల్లి 'ప్రయాణం బడలిక' అని మజ్జిగ కలిపివ్వడం, అన్నీ కళ్ల ముందు నిలిచాయి. ఆ మజ్జిగ ఆయన ఎలా తాగాడు?

సాయంత్రం ఇంటికెళ్లేసరికి తండ్రి అచ్చాఫీసులో పెళ్లి కార్డులు లెక్కపెడుతున్నాడు. తల్లి వెనకింట్లో ఉంది. చిట్టి తలుపు దగ్గరే నిలబడి, "మొక్కల నర్సరీలో ఉన్న అన్నయ్యతో ఫోన్లో మాట్లాడాను," అంది.

తండ్రి చేతిలో కార్డులు నేల మీద జారిపోయాయి. వంగి ఏరబోయి మానేశాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం. ఎనిమిదేళ్లు నాన్నా. అమ్మ రోజూ అన్నయ్య ఫొటో తుడుస్తుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నావు."

"చెబుదామనే వచ్చేవాణ్ణి, ప్రతిసారీ," అన్నాడు. "బస్సు దిగి ఇల్లు చేరేలోపు నోరు పడిపోయేది. ఏమని చెప్పను? వాడు బతికే ఉన్నాడు, నేనన్న మాట పట్టుకుని ఇంటికి రానంటున్నాడు అనా? పోయాడనుకుంటే ఎప్పటికైనా ఏడుపు ఆగుతుందిలే అనుకున్నాను."

"ఆగలేదు," అంది వెనకనుంచి తల్లి.

వాళ్లిద్దరూ తిరిగి చూశారు. ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. ఒక చెవి వినబడదు గానీ, రెండోది ఇంకా పాము చెవే. ఆమె ఏడవలేదు, అరవలేదు. టీ గ్లాసు మిషను మీద జాగ్రత్తగా పెట్టింది. గోడకి ఆనుకుంది. అలాగే జారి కింద కూర్చుండిపోయింది. తండ్రి చెయ్యి పట్టుకోబోతే, "ముట్టుకోకండి," అంది. అంతే. ఆ రోజుకి అదే ఆఖరి మాట.

తెల్లారి డాక్టరమ్మకి ఫోను చేసి చిట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "మనం సైటు గురించి మాట్లాడుతుంటే, ఇదా జరుగుతోంది బల్ల మీద," అని మాత్రం అని, డాక్టరమ్మ కావలసినన్ని రోజులు సెలవు తీసుకోమంది.

తల్లీకూతుళ్లు బస్సెక్కారు. దారి పొడవునా తల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంది. నర్సరీ గేటు లోపల అన్నయ్య ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేనట్టుంది. తల్లి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. బోర్లించిన పెద్ద కుండీ మీద కూర్చుంది. అతను వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, కనుబొమ మీది గాటుని బొటనవేలితో తడిమి చూసింది. కళ్లని నమ్మలేక వేళ్లని అడుగుతున్నట్టు.

"మీ నాన్నని చెప్పొద్దన్నది నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా."

"ఆయన మీద కోపం. బాగుంది. నేనేం చేశాను నిన్ను?"

అతను తల దించుకున్నాడు. తల్లి ఆ తలని ఒళ్లోకి లాక్కుంది. ఎంత గట్టిగానంటే, అతనికి ఊపిరాడదేమోనని చిట్టికి భయమేసింది.

తల్లి అక్కడే అతని ఒంటిగదిలో పది రోజులుంది. చిట్టి తిరిగొచ్చి పనిలో పడింది. మూడో సిస్టమే తీసుకుందామంది. మీ అన్నయ్య వాడుతున్నాడనా అని డాక్టరమ్మ అడిగితే, "కాదండీ, ఇందులో అక్షరాలు పెద్దవవుతాయి, అపాయింట్‌మెంటు పేజీ నిలుస్తోంది," అని చెప్పింది. అది నిజమే. అయినా కంపెనీ ఆయన ఫొటో కత్తిరించడం నేర్పడానికి వచ్చిన రోజు మాత్రం, ఆ ఒక్క పాఠం ఇంకెవరికైనా చెప్పమని బయటికెళ్లిపోయింది.

తల్లి ఇంటికొచ్చాక కూడా తండ్రితో మాట్లాడలేదు. వడ్డించేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం చిట్టి ద్వారానే. "మీ నాన్నకి కరెంటు మనిషి వచ్చాడని చెప్పు," అనేది, ఆయన మూడడుగుల దూరంలో ఉండగానే. ఆయన ఎదురు చెప్పలేదు. రోజురోజుకీ మనిషి నలిగిపోయాడు.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం అన్నయ్య వచ్చాడు. ముందు గుమ్మంలోంచి రాలేదు, పాత అలవాటు కొద్దీ పెరటి వాకిలి నుంచే వచ్చాడు. చిట్టి నాలుగు కంచాలు పెట్టింది. తండ్రి అచ్చాఫీసులోనే ఉండిపోయాడు. అక్కడ ఆదివారం పనేమీ లేదు. మిషను కూడా ఆడటం లేదు.

తల్లి మూడు కంచాల్లో వడ్డించింది. నాలుగోదాని వైపు కాసేపు చూసింది.

"చిట్టీ, మీ నాన్నని వచ్చి కూర్చోమను," అంది.

చిట్టి లేవబోతే అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, తనే లేచి వెళ్లాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. కాసేపటికి పెరట్లో కుళాయి తిప్పిన చప్పుడైంది. తండ్రి చేతులు కడుక్కుంటున్నాడు. అన్నయ్య పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.