తోపులాట లెక్క

మదనపల్లె కాలేజీ సదస్సులో మాట్లాడే అవకాశం మునిశేఖర్‌కి దక్కిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. కుప్పంలో మేమిద్దరం ఒకే గైడ్ దగ్గర ఫిజిక్స్ పరిశోధన చేస్తున్నాం. అణు కేంద్రకాలు మహావేగంతో ఢీకొంటే క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా పుడుతుంది, విపరీతంగా కాగిపోయే కణాల గుంపు. అందులోంచి దూసుకుపోయే క్వార్కు అనే బరువైన కణం తన శక్తిని ఎలా పోగొట్టుకుంటుందన్నదే మా ఇద్దరి పని. అతను పుంగనూరువాడు. మదనపల్లె నా ఊరు. మా ఊళ్ళో మాట్లాడడానికి అతనా? ఒళ్ళు మండిపోయింది.

ఆ శక్తి రెండు రకాలుగా పోతుంది. గ్లువాన్లనే కణాలను విదిలిస్తూ పోగొట్టుకునేది అతని లెక్క. చుట్టూ ఉన్న కణాలను గుద్దుకుంటూ పోగొట్టుకునేది నా లెక్క. బరువు క్వార్కు విదిలించేది తక్కువ. టమోటా మార్కెట్ జనంలో నడిచే భారీ మనిషికి లాగే, దానికి తోపులాటా పెద్ద ఖర్చే.

మా డిపార్టుమెంటులో ఒక ఆనవాయితీ ఉంది. బయట మాట్లాడబోయేవాళ్ళు ముందు మా ఎదుట మాట్లాడాలి, మేం ప్రశ్నలతో ఉతికి ఆరేయాలి. ఆ రోజు మునిశేఖర్ చూపించిన గ్రాఫులో తోపులాట ఊసే లేదు. నా పనిని మరిచిపోయాడు మహానుభావుడు. అడిగితే దిద్దుకుంటాడు కదా, అందుకే అడగలేదు. నలుగురిలో పరువు పోనీ అనుకున్నాను.

"ఏం కుసుమా, ఒక్క ప్రశ్నా అడగలేదే?" అన్నాడు తర్వాత.

"ఏముండాది అడిగేదానికి? బాగుండాది."

"నువ్వే బాగుండాదంటే ఇంక భయం లేదులే."

ఆ నవ్వు చూసి ఇంకా కుళ్ళుకున్నాను.

సదస్సులో ముందు వరసలోనే కూర్చున్నాను. చక్కగా మాట్లాడాడు, అదొక మంట. చివర్లో ఒక పెద్దాయన లేచి నేను కోరుకున్న ప్రశ్నే వేశాడు.

"గుద్దుకుంటే పోయే శక్తి యాడప్పా? నీ గ్రాఫులో లేదే?"

నా ప్రాణం లేచొచ్చింది.

మునిశేఖర్ తడబడలేదు. "అది కుసుమ లెక్క సార్. ఆయమ్మ ఇంకా పేపరు పంపలా. నేను ముందు సూపిస్తే ఆయమ్మ కష్టం నా పేరు మీద పోతాది. అందుకే ముట్టుకోలా. ఈడనే ఉండాది, ఆయమ్మే చెప్తాది."

మైకు నా చేతికొచ్చింది. లేచి చెప్పాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే.

నిన్నటిదాకా అతనికొచ్చిన అవకాశం చూసి ఏడ్చాను. ఇప్పుడు అతని మనసు చూసి ఏడుస్తున్నాను, అలాంటిది నాకెందుకు లేదని.