సుస్తిదారురాలు

నూట ఎనభై మంది పిల్లలకు సాంబారు కాచిన దబరాలోకి సగం దూరి అడుగు తోముతున్నాను. లక్ష్మణప్ప మేష్ట్రు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయన మా స్కూలు హెడ్మాస్టరు. వంటగదిలోకి రాడు, పొగకు కళ్ళు మండుతాయట. మావి మాత్రం రాళ్ళతో చేసి పెట్టారేమో!

"సుజాతమ్మా, వచ్చే నెల నుంచి మీ గౌరవధనం చేతికిచ్చేది లేదమ్మా. బ్యాంకుకే పోతాది. నీ పేరు మీద ఖాతా తెరిచి పాసుబుక్కు జెరాక్సు తెచ్చియ్యాల. ఈ నెలాఖరు లోపల తేకపోతే నీ జాగాలో వేరే వాళ్ళ పేరు రాసుకోమంటాండారు."

గౌరవధనం అంటే మాకిచ్చే ఏడు వందలు. జీతమని పిలిస్తే ఇంకాస్త ఇవ్వాల్సి వస్తుందని కాబోలు, గౌరవం కలిపి తక్కువ చేశారు. అయినా ఆ ఏడు వందలు తీసుకునే రోజంటే నాకు ఇష్టమూ ఉండేది, ఏడుపూ వచ్చేది. ఇష్టమెందుకంటే ఆ సంతకం పెట్టేటప్పుడు మేష్ట్రు కుర్చీ చూపించి కూర్చోమంటాడు. ఏడుపెందుకంటే సరిగ్గా ఆ రోజే మా ఆయన మునికృష్ణప్ప శెనక్కాయల మండీలో గుమాస్తా పని వదిలేసి స్కూలు గేటు ముందర మోపెడ్ మీద కాలు ఆనించి ఎదురు చూస్తుంటాడు. మిగతా నెలంతా నేను ఆ దారినే నడిచి ఇంటికి పోతాను. ఆ ఒక్క రోజు మాత్రం ఎక్కించుకుంటాడు. ఇల్లు చేరేలోపల నా కొంగుముడి ఖాళీ అయ్యేది.

సంగతి చెప్తే ఆయన వార్తాపత్రిక మీంచి తల కూడా ఎత్తలేదు. "నాకు ఖాతా ఉండాది గదా. దాంట్లోకి వేయించు."

"ఎవురి డబ్బు వాళ్ళ ఖాతాలోనే పడాలంట. రూలు."

"రూలంట! నీకేమిటికే బ్యాంకు?" అన్నాడు. గుమ్మంలో తమలపాకులు తుడుచుకుంటున్న మా అత్త హనుమక్క అందుకుంది. "ఆడదానికి పాసుబుక్కు యాల? ఇంట్లో మొగోడు ల్యాకనా? మా కాలంలో పోపుల డబ్బానే బ్యాంకు." ఆ పోపుల డబ్బాలో నేను దాచినవి ఎన్నిసార్లు ఎవరు తీశారో ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఆవాలకు తెలుసు. మా అమ్మాయి మంజుశ్రీ పీయూసీ కాలేజీ ఫీజుకు ఈ ఏడు వందలు తప్ప నాకు ఇంకో దారి లేదని మాత్రం ఆ రాత్రి గిన్నెలు బోర్లిస్తూ అనుకున్నాను. ఈసారి ఎట్లాగైనా నా చేతిలోనే ఉంచుకోవాలి.

మరునాడు స్కూల్లో వంట ముగించుకుని, మొహం కడుక్కుని, రెండు ఫోటోలు, రేషన్ కార్డు పట్టుకుని బాగేపల్లి బజారులోని బ్యాంకుకు పోయాను. కౌంటరులో అనఘ అనే అమ్మాయి ఉంది. కొత్తగా వచ్చిందట, మా మంజుశ్రీ కంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. మర్యాదగా ఫారం నింపించింది. కంప్యూటర్లో నా పేరు కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత గొంతు తగ్గించి, మా వైపు ఆఫీసుల భాష అయిన కన్నడంలో అంది, "అమ్మా, నీవు సుస్తిదారరు."

మా వైపు సుస్తు అంటే అలసట. కన్నడంలోనూ అంతే, తెలుగులోనూ అంతే. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఆ మాట అన్న మనిషి ఒక్కరూ లేరు. "అవును తల్లీ! బాగా కనిపెట్టినావు. అయిదింటికి లేస్తాను. ఇంట్లో నలుగురికి ముద్ద, చారు. ఆడ నూట ఎనభై మందికి. మళ్ళీ ఇంటికొస్తే మా అత్త కాళ్ళకు నూనె. సుస్తు కాకుండా ఎట్ల ఉంటాది చెప్పు? పద్దెనిమిదేండ్లుగా సుస్తే!"

క్యూలో ఉన్న వాళ్ళందరూ గొల్లుమన్నారు. చలానా నింపుతున్న ఒకాయన కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. అనఘ నవ్వబోయి ఆపుకుంది. ఆ అమ్మాయి నవ్వకపోవడంతోనే నాకు భయం మొదలైంది. నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, ఈసారి తెలుగులో చెప్పింది.

"ఆ సుస్తు కాదమ్మా. అప్పు తీసుకుని కట్టనోళ్ళను బ్యాంకులో సుస్తిదారరు అంటారు. మీ పేరు మీద ఒక అప్పు ఉండాది. రెండు వేల ఒకటిలో తీసుకున్నారు. మూడు కంతులు కట్టి నిలిపేసినారు. ఏడేండ్లయింది."

"నేనా?" అన్నాను. "నేను మా ఎదురింట్లో కాఫీపొడి కూడా అప్పు తీసుకోను తల్లీ."

ఆమె లోపలికి పోయి దుమ్ము దులుపుతూ ఒక ఫైలు తెచ్చింది. మహిళల స్వయం ఉపాధి పథకం. అప్పు అడిగినవారి పేరు సుజాతమ్మ. ఉద్దేశం అన్న చోట, మోపెడ్ మీద ఊరూరా తిరిగి చీరల వ్యాపారం చేసుకొనుటకు అని కన్నడంలో గుండ్రంగా రాసి ఉంది. ఆ రాత నాకు తెలుసు, మండీలో మూటల మీద మా ఆయన రాసే రాతే. కింద సంతకం నాది. ఏడో తరగతి దాకా చదివి, నిలువు గీత కాస్త వంకరగా పెట్టే నా సంతకమే.

ఆ రోజు గుర్తొచ్చింది. పొయ్యి మీద రాగిముద్ద తిప్పుతున్నాను. ఆయన కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. వంటింట్లోకి రావడమే వింత. "ఈడ ఒక సంతకం పెట్టు, రేషన్ కార్డు పని" అన్నాడు. నా చెయ్యి పిండిగా ఉంటే తన భుజం మీది తువ్వాలుతో తానే తుడిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా చెయ్యి తుడిచింది ఆ ఒక్కసారే. ఆ తువ్వాలు మెత్తదనం నేను ఎన్నాళ్ళు తలుచుకున్నానో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎన్ని చోట్ల పెట్టమన్నాడో లెక్కపెట్టలేదు. ముద్ద అడుగంటుతోందన్న తొందరలో అన్ని చోట్లా పెట్టేశాను.

వారం తిరగకుండా మోపెడ్ వచ్చింది. నిమ్మకాయలు తొక్కించాడు, హారతి నేనే ఇచ్చాను. ముందర రేకు మీద పెయింటు వేసేవాడితో 'తాయియ ఆశీర్వాద' అని రాయించాడు. అమ్మ దీవెన అట! మా అత్త ఆ అక్షరాలు తడుముకుని కళ్ళు తుడుచుకుంది. ప్రతి ఆదివారం ఆయన బండి కడిగేవాడు, బకెట్లతో నీళ్ళు మోసేది నేను. మంజుశ్రీ ఒకసారి సీటెక్కి కూర్చుంటే "నా బండి ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాల" అని వీపు మీద ఒకటి వేశాడు. రెండో కాన్పు మూడో నెలలో నిలవకుండా పోయినప్పుడు చింతామణి ఆసుపత్రికి పోవాలన్నారు. కడుపు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. "ఆ గుంతల్లో అంత దూరం పోతే బండి పాడయితాది. బస్సులుండాయి గదా" అన్నాడు. బస్సులో పోయాను. సీటు దొరికేదాకా చేళూరు వరకూ నిలబడే పోయాను. ఆ మాట మాత్రం ఇన్నేళ్ళూ నా లోపల ఎక్కడో సీటు దొరికించుకుని కూర్చుంది.

"నోటీసులు కూడా పంపినామమ్మా, మండీ అడ్రసుకు" అంటోంది అనఘ. అంటే అన్నీ ఆయన చేతికే అందాయన్నమాట. "ఇప్పుడు ఖాతా తెరిచినా, పడిన డబ్బు పడినట్టు ఈ అప్పుకే జమ చేసుకుంటారు. మేనేజరు ముందు ఇది తీర్చమంటాండారు. ఒక్కసారిగా కట్టేస్తే వడ్డీ వదిలేసే స్కీము ఉండాది, మార్చి ముప్పై ఒకటి దాకా. ఆరు వేలు కడితే చాలు." తర్వాత కాస్త ఆగి, ఫైలులోంచి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టింది. "ఇది చూడండి. బండి ఆర్.సి. నకలు."

యజమాని పేరు అన్న చోట సుజాతమ్మ అని ఉంది. భర్త పేరు మునికృష్ణప్ప. నేను ఆ రెండు వరుసలూ వేలు పెట్టి చదివాను. ఆయన పేరు ఉండటం ఉంది, కానీ నేనెవరో చెప్పడానికే ఉంది.

"అయితే ఆ బండి నాదా?"

"మీదేనమ్మా. అప్పు మీదయితే బండి ఎవురిదయితాది?"

ఆ సాయంత్రం ముద్ద వడ్డిస్తూ అడిగాను. అరవలేదు. అరిస్తే ఆయనకు సులువు, తానూ అరిచి లేచిపోతాడు. "నా పేరు మీద అప్పు చేసినావంట గదా?"

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతే. "ఓ, అదా! ఎలక్షన్లు వస్తాండాయి, మాఫీ చేస్తారు. అందరూ చేసేదే గదా. ఆడోళ్ళ పేరు మీదయితే వడ్డీ తక్కువ."

"బ్యాంకులో అందరి ముందరా నన్ను సుస్తిదారరు అన్నారు."

"అంటే ఏమాయ ఇప్పుడు? నీ పేరు చెడిపోతే ఏం మునిగిపాయ, నువ్వేమన్నా ఫ్యాక్టరీ పెడతావా?" అని నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కూడా కాదు, నిజంగానే ఆయనకు నవ్వొచ్చింది. "చారు పొయ్యి" అన్నాడు.

పోశాను. పోస్తూ ఆలోచించాను. ఈయన నా పేరును పాత బనీను అనుకున్నాడు. బండి తుడుచుకోవడానికి పనికొస్తుంది, తర్వాత ఏ మూల పడితేనేం. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ ఆ కోపం కింద ఇంకోటి ఉంది. ఇన్నాళ్ళూ నాకంటూ ఏమీ లేదనుకున్నాను. ఉంది. వాకిట్లో, గోనెపట్టా కప్పుకుని, స్టాండు వేసుకుని ఉంది.

స్కూలుకు కూరగాయలు వేసే వెంకటరామప్ప ఆ బండిని ఆరు వేలకు ఇమ్మని రెండేళ్ళుగా మా ఆయన వెంటపడుతున్నాడు. మర్నాడు వంకాయలు తూచుకుంటూ ఆయన్నడిగాను, ఇంకా కావాలా అని. "కావాల్సిందేనమ్మా. కానీ మీ ఆయన ఒప్పుకోవాల గదా?" అన్నాడు. అనఘను అడిగి తెచ్చుకున్న నకలు కాగితం చూపించాను. తక్కెడ దించి, రెండుసార్లు చదివాడు. "అరె! ఇది నీదేనే!" అన్నాడు. ఆ కాగితాన్ని మొదట నేనూ అట్లాగే చూశాను కాబట్టి ఆయన ఆశ్చర్యానికి నేనేమీ అనుకోలేదు.

శనివారం మా ఆయన మండీ లారీలో చింతామణి మార్కెట్టుకు పోయాడు. అట్లా పోయిన రోజు బండి ఇంట్లోనే ఉంటుంది. క్యాలెండరు కింది మేకుకు తాళంచెవి. ఇన్నేళ్ళుగా ఆ క్యాలెండరు తేదీలు తిప్పింది నేనే, పక్కనున్న తాళంచెవిని ఒక్కసారీ ముట్టుకోలేదు. పట్టా తీసి, స్టాండు తోశాను. మా అత్త చప్పుడు విని గుమ్మంలోకి వచ్చింది.

"యాడికే? వాడొస్తే నన్ను అడగడా? ఏం చెప్పాల?"

"నన్నే అడగమను అత్తా. నేను చెప్తాను."

ఆమె బండి ముందర ఉన్న అమ్మ దీవెన వైపు చూసింది. అక్షరాలు అప్పటికే సగం పెచ్చులూడిపోయాయి.

నాకు నడపడం రాదు. వెంకటరామప్ప వచ్చి తీసుకుపోతానన్నాడు, నేనే వద్దన్నాను. ఒక్కసారన్నా నా బండిని నేను తీసుకుపోవాలనిపించింది. తోసుకుంటూ పోయాను. బజారు దారి చిన్న ఎగువ. మార్చి ఎండ. హ్యాండిలు ఒకవైపుకే లాగుతోంది. దారిలో కనిపించిన వాళ్ళంతా ఒకటే ప్రశ్న, "ఏమ్మా, పంక్చరా?" లేదంటే "పెట్రోలు అయిపాయనా?" ఏదీ కాదంటే నా మొహం వింతగా చూశారు. జాకెట్టు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. పదడుగులకు ఒకసారి ఆగాను. ఎవరైనా ఆయనకు ఫోను చేసేస్తే? మండీ లారీ తిరిగొచ్చేస్తే? అనుకున్న ప్రతిసారీ మళ్ళీ తోశాను.

బ్యాంకులో వెంకటరామప్ప ఆరు వేలూ నా అప్పు ఖాతాకు కట్టాడు. మేనేజరు బాకీ లేదని కాగితం మీద ముద్ర వేశాడు. బండి పేరు మార్పు ఫారం మీద నేను సంతకం పెట్టాను, ఈసారి ప్రతి వరుసా చదివి. నా చెయ్యి నేనే కొంగుతో తుడుచుకున్నాను. తర్వాత అనఘ కొత్త ఖాతా ఫారం తీసింది. "జాయింటుగా ఎవరినన్నా చేరుస్తారా?" అని అడిగింది. వద్దన్నాను. నామినీ అన్న చోట మంజుశ్రీ పేరు చెప్పాను.

పాసుబుక్కు అందిస్తూ ఆ అమ్మాయి నా వాలకం చూసింది. రేగిన జుట్టు, ఆయాసం, చేతులకు గ్రీసు. "తుంబా సుస్తాయితేనమ్మా?" అంది, బాగా అలిసిపోయారా అని.

"ఆ సుస్తు ఉండేదేలే తల్లీ" అన్నాను. "మీ సుస్తి మాత్రం తీరిపాయ గదా?"

ఈసారి ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అట్టకు కొత్త కాగితం వాసన. లోపల నా పేరు ఒక్కటే, ఎవరి భార్యనో కూడా రాయలేదు.

పొద్దుగూకే వేళ మా ఆయన వచ్చాడు. చెప్పులు విడుస్తూ వాకిలి చూశాడు. గోనెపట్టా మడత పెట్టి ఉంది, నేల మీద నూనె మరక ఉంది. మా అత్త దీపం వంక పెట్టుకుని లోపలికి పోయింది. "ఏమే, రేప్పొద్దున్నే గూళూరుకు పోయే పనుండాది. నా బండి యాడ?" అన్నాడు.

నేను ముద్ద తిప్పడం ఆపలేదు. ఈసారి అడుగంటనియ్యదలుచుకోలేదు.

"బస్సులుండాయి గదప్పా" అన్నాను.