ఏది కొట్టేశారు?

జడ్జిగారి బల్ల ఉండాల్సిన చోట ఇమ్మానుయేలు కుట్టుమిషను వేసుకుని కూర్చున్నాడు, పైన ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు, బెంచీల మీద మనుషులకు బదులు కుట్టు పూర్తికాని ప్లీడరు గౌన్లు వరసగా కూర్చుని ఉన్నాయి. వాడు పోయి పన్నెండేళ్ళయిందని నాకు తెలుసు, తెలిసీ ఆశ్చర్యపోవడం లేదు, పైగా ఆలస్యంగా వచ్చానని తిడతాడేమోనని బెదురుతున్నాను.

"రండి గుమాస్తా గారండీ, రండి," అంటాడు.

పదిమందిలో ఈ గారూ, ఈ అండీ, ఇద్దరమే ఉన్నప్పుడు ఒట్టి గవర్రాజు, అదీ మా మధ్య ఒప్పందం. ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం, అయినా అండీ అంటున్నాడంటే కోపం తగ్గలేదన్నమాట. చెయ్యి చాపమని మెడలో టేపు తీసి కొలత పెడతాడు, తీరా చూస్తే టేపు మీద అంగుళాల బదులు సంవత్సరాలు ఉన్నాయి. మణికట్టు దగ్గర రెండువేల తొమ్మిది. ఢిల్లీ హైకోర్టు, మగవాడూ మగవాడూ మాలా ఇష్టపడి కలిసుంటే నేరం కాదన్న ఏడు అది. ఆ రోజు వాడు షాపు మూసేసి నన్ను ధవళేశ్వరం బస్సెక్కించాడు, ఆనకట్ట మీద జీళ్ళు కొనిపెట్టాడు, అవి పళ్ళకి అంటుకుపోయి ఇద్దరం మాట రాక నవ్వుకున్నాం. కోర్టు హాల్లోకి గోదావరి గాలి అప్పుడొస్తుంది, కాసేపే.

మోచేతి దగ్గర టేపు ఆగిపోతుంది. రెండువేల పదమూడు, డిసెంబరు.

"ఆ రోజు ఫోన్లో నాతో ఏమన్నావు?"

"కొట్టేశార్రా, ఇంక భయం లేదు అన్నాను."

"ఏది కొట్టేశారు?"

పిటిషను పోయినా కొట్టేశారనే అంటాం, చట్టం పోయినా కొట్టేశారనే అంటాం, ఇరవై ఏళ్ళు ఆ మాట మీదే బతికినవాణ్ణి నేను. ఆ పొద్దున హైదరాబాదు గుమాస్తాకి ఫోన్ చేసి, మా ప్లీడరు గారు కనుక్కోమన్నారని అబద్ధమాడి, మాలాంటివాళ్ళని ముద్దాయిల్ని చేసే ఆ మూడు వందల డెబ్బై ఏడో సెక్షను సంగతేమైందని అడిగితే "కొట్టేశారు" అని ఒక్క ముక్క అన్నాడు. సెక్షనే పోయిందనుకున్నాను. నిజానికి సుప్రీంకోర్టు కొట్టేసింది మమ్మల్ని బతకనిచ్చిన ఆ ఢిల్లీ తీర్పుని.

"ఏది కొట్టేశారని ఒక్క మాట అడగలేకపోయావా?"

"అడుగుదామనే అనుకున్నానురా. నీకెందుకంత ఆత్రం అంటాడని భయమేసింది."

వాడు తలూపుతాడు, దారం కొరుకుతాడు. నా మాట నమ్మి ఆ మధ్యాహ్నమే వాళ్ళన్నయ్య జాకోబు దగ్గరికెళ్ళి, నాకు పెళ్ళి వద్దు, నేను ఇలాంటివాణ్ణి, కోర్టు కూడా తప్పు కాదంది అని చెప్పేశాడు. సాయంత్రం టీవీ పెట్టారు. "నేరమేనంట కదరా," అంటూ మొదలుపెట్టాడు జాకోబు. మేడమెట్ల మీంచి జారిపడ్డాడని ఆసుపత్రిలో రాయించారు, మూడో రోజుకి వీడు లేడు. అన్నయ్య కొట్టాడని వీడు నొప్పితో మూలుగుతూ ఫోన్లో చెప్పింది ఒక్క నాకే.

"ఇనస్పెక్టరు నిన్ను పిలిచి, అతనికి నువ్వేమవుతావు అని అడిగాడు," అంటాడు ఇమ్మానుయేలు, చూసినట్టే. "ఏం చెప్పావు?"

"గౌన్లు కుట్టిస్తుంటామండీ అన్నాను."

బెంచీల మీద గౌన్లు కదులుతాయి. నవ్వుతున్నాయో ఏమో. సాక్ష్యం చెప్పాలంటే ఏమవుతానో చెప్పాలి, చెబితే ఆ రోజుల్లో నేనూ ముద్దాయినే, ఈ సంగతి వాడికి వివరించబోతాను గానీ వాడు వినకుండా టేపు పైకి లాగుతాడు. భుజం దగ్గర రెండువేల పద్దెనిమిది.

"ఈ ఏడు ఆ సెక్షను నిజంగానే కొట్టేశారుగా. ఇష్టపడ్డ పెద్దవాళ్ళ జోలికి రావద్దన్నారుగా. మరి అప్పుడు స్టేషనుకెళ్ళలేదేం?"

"అప్పటికి ఫైలు మూసేశారు."

"ఎంతమందికి మూసిన ఫైళ్ళు తెరిపించలేదు నువ్వు!"

"సిగ్గేసింది ఇమ్మానుయేలూ. అయిదేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడొచ్చావేమని అడుగుతారని."

టేపు మెడ దాకా వస్తుంది. రెండువేల ఇరవై మూడు. "ఇదేంటి?" అంటాడు. మనవాళ్ళు పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళారు, అది పార్లమెంటు చూసుకోవాలని పంపేశారు, అంటాను. "పెళ్ళా!" అని వాడు పగలబడి నవ్వుతాడు, నవ్వుతూనే ఏడుస్తాడు, "పెళ్ళి సంగతి తర్వాత, ముందు నువ్వు రోడ్డు దాటి స్టేషనుకెళ్ళు," అంటాడు.

వెళ్తానంటాను. ఒట్టు, రేపే వెళ్తానంటాను. అంతలో బంట్రోతు తలుపు దగ్గర నిలబడి వాడి పేరు పిలుస్తాడు. "పలుకు. నా బదులు పలకడానికి ఇంకెవరున్నారు?" అంటాడు ఇమ్మానుయేలు, ఈసారి గొంతులో వెటకారం లేదు. రెండో పిలుపు. పలకబోతే నా పెదాల మధ్య వాడు కుట్టేటప్పుడు పట్టుకునే గుండుసూదులు ఉన్నాయి, నోరు తెరిస్తే గుచ్చుకుంటాయి, తెరవకపోతే మూడో పిలుపు అయిపోయి కేసు కొట్టేస్తారు, వాడు నా నోటి వంకే చూస్తున్నాడు, బంట్రోతు మూడోసారి పిలుస్తున్నాడు, ఆ పిలుపు గణగణమని మోగుతోంది.

మోగుతున్నది ఫోను. భోజనం చేసి ఆఫీసు బెంచీ మీద నడుం వాల్చినవాణ్ణి లేచి కూర్చున్నాను, గోడ గడియారంలో రెండున్నర. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల పోలీస్ స్టేషను, గుమ్మంలో ఎవరో కానిస్టేబులు టీ తాగుతున్నాడు. అక్కడికి ఇరవై అడుగులుండవు, పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఇవాళ కూడా వెళ్ళనని నాకు తెలుసు.

ఫోనెత్తాను. కోరుకొండ నుంచి మా క్లయింటు మంగాయమ్మ.

"గుమాస్తా గారండీ, మా పొలం కేసు ఏవైందండీ?"

"కొట్టేశారమ్మా."

ఏ జంకూ లేకుండా అడిగింది.

"ఏది కొట్టేశారండీ? ఆళ్ళదా, మనదా?"

"మనదేనమ్మా," అన్నాను.