మూడు రోజుల సభలు

బాలశౌరి మావయ్య తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చాడంటే ఎవరి నెత్తినో పని పడబోతోందన్నమాటే. ఆయన మెల్‌బోర్న్‌లో తమ తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని బెంచీల మధ్య తిరిగేటప్పుడు కూడా చొక్కా మడత నలగనివ్వడు. అలాంటి మనిషి స్టవ్ దగ్గర నిలబడి పాలు పొంగకుండా చూస్తున్నాడు. మేనకోడలు కరోలిన్ అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు. యూనివర్సిటీలో జూన్ పరీక్షలు ఆ మధ్యాహ్నమే అయిపోయాయి, పిల్ల కాళ్ళు నేల మీద లేవు.

"అమ్మని ఇంక ఇంట్లో పెట్టుకోలేం అమ్మాయ్," అన్నాడు కప్పు చేతికిస్తూ. "గవర్నమెంటువాళ్ళ అసెస్‌మెంట్ కూడా అయిపోయింది. ఏదో ఒక ముసలివాళ్ళ హోమ్ చూడాలి. నర్సింగ్ చదివేదానివి, నీకు తెలిసినంత మాకేం తెలుసు? నువ్వు చూసిరా. నువ్వు ఏదంటే అదే."

కరోలిన్ చీరాల నుంచి మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌కు చదువుకోడానికి వచ్చి రెండేళ్ళు. ఉండేది మావయ్య ఇంట్లోనే. ఆయనా, లీల అత్తయ్యా ఉద్యోగాలకు పోతే క్లాసుల మధ్యలో పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ కస్తూరమ్మను కనిపెట్టుకుని ఉండేది ఈ పిల్లే. ఒకప్పుడు కస్తూరమ్మ బాపట్ల చుట్టుపక్కల ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా పనిచేసిన మనిషి. భుజానికి గుడ్డసంచి, ఒంటిమీద తెల్లచీర, ఏ ఊళ్ళో సువార్త సభలంటే ఆ ఊరికి నడక. సభలు మూడు రోజులైతే మూడు రోజులూ అక్కడే చాప మీద పడుకుని, అక్కడే వండుకుని తిని వచ్చేది. అలాంటి ఆవిడ మొన్న మే నెలలో క్లేటన్ స్టేషన్‌లో చెప్పుల్లేకుండా నిలబడి, రేపల్లె బండి ఎప్పుడొస్తుందని వచ్చేపోయేవాళ్ళందర్నీ తెలుగులో అడిగింది. రెండుసార్లు గ్యాస్ వెలిగించి మరిచిపోయింది. మావయ్య అన్నదాంట్లో అబద్ధం లేదు. కరోలిన్‌కు అదే బాధ.

ఎందుకంటే పిల్ల మాటిచ్చి ఉంది. జబ్బు పేరు డాక్టరు చెప్పిన రోజున అమ్మమ్మ దాని చెయ్యి పట్టుకుని, "ఎప్పుడో ఒకప్పుడు నన్ను ఎక్కడన్నా పారేస్తారే. పారేస్తే పారేశారు గానీ, నాకు చెప్పి పారెయ్యండి. చెప్పకుండా మాత్రం పారెయ్యొద్దు," అంది. "నీకు చెప్పకుండా ఏదీ జరగదు అమ్మమ్మా," అంది కరోలిన్. ఒట్టు పెట్టబోతే ముసలావిడ చెయ్యి తోసేసింది. "మనం ఒట్లు పెట్టం. మాటంటే మాటే."

సరే, సెలవుల్లో కరోలిన్ నాలుగు హోములు తిరిగింది. ముందు హాల్లో పూలగుత్తులు ఎవరైనా పెడతారు, కారిడార్ చివరి గది దగ్గర వాసన చూడాలని నర్సింగ్ ట్రైనింగ్ ప్లేస్‌మెంట్‌లో నేర్చుకుంది. భోజనం వేళకే వెళ్ళి కూర్చుంది. ముసలివాళ్ళ గోళ్ళు చూసింది. బెల్లు నొక్కితే ఎంతసేపటికి మనిషి వస్తుందో గడియారం పెట్టుకుని చూసింది. ప్రతిచోటా ఒకటే ప్రశ్న అడిగింది. "మా అమ్మమ్మ తెల్లారి ఐదింటికి లేచి గొంతెత్తి పాటలు పాడుతుంది, ఏం చేస్తారు?" ఒకచోట మందు మార్పిస్తామన్నారు. ఇంకోచోట పక్కగదులవాళ్ళకి ఇబ్బంది కదా అని ముఖం చిట్లించారు. క్లేటన్‌లోనే, యూనికి పది నిమిషాల నడకలో ఉన్న చిన్న హోములో జాక్లిన్ అనే మేనేజరు మాత్రం నవ్వి, "పక్కగది ఆవిడకి చెవుడు, పాడుకోనీ," అంది. గోంగూర పచ్చడి తెస్తే సీసా మీద పేరు రాసి ఫ్రిజ్‌లో పెడతానంది. కార్పెట్ పాతదే, గోడల రంగు వెలిసిందే. అయినా కరోలిన్ అక్కడే తేల్చేసుకుంది. రోజూ క్లాసు అవగానే రావచ్చు. ఆదివారం సంఘంవాళ్ళూ వస్తారు, నలుగురు చేరితే ప్రార్థన పెట్టుకోవచ్చు.

ఆ హోమువాళ్ళు అడిగితే అమ్మమ్మ గురించి రెండు పేజీలు రాసింది. ఏం తింటుంది, ఎలా పిలిస్తే పలుకుతుంది, ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది, అన్నీ. చివర ఒక వాక్యం: "స్నానానికి రానని మొండికేస్తే, సభలకు వేళవుతోందని చెప్పండి. లేచి వస్తుంది." ఆ కాగితాలు మావయ్య చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. "అబ్బ, ఎంత బాగా రాశావ్ అమ్మాయ్. నేనే ఇచ్చేస్తాలే వాళ్ళకి," అన్నాడు. కరోలిన్ మురిసిపోయింది కూడాను, పిచ్చిది.

జూలై రెండో వారంలో మావయ్య మళ్ళీ కాఫీ కలిపాడు.

"బుధవారం తీసుకెళ్దాం. మూడ్రోజులు ట్రయల్ అనుకో. ఉండలేకపోతే శుక్రవారం నువ్వే వెళ్ళి తెచ్చేసెయ్. కాకపోతే గడప దాటమంటే అమ్మ గోల చేస్తుంది కదా. నువ్వు రాశావు చూడు, సభలని... ఆ మాటేదో నువ్వే చెప్పు. నీ మాటైతే వింటుంది."

కరోలిన్‌కు అమ్మమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. కానీ మూడు రోజులే కదా, మళ్ళీ తెచ్చేదానికి పారేయడం అంటారా? నచ్చి ఉంటానంటే అప్పుడు కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. అలా తనకు తనే సర్దిచెప్పుకుని, అమ్మమ్మ మంచం మీద కూర్చుని, "మూడ్రోజుల సభలంట అమ్మమ్మా. మూడో రోజు నేనొచ్చి నిన్ను ఇంటికి తీసుకొస్తా," అంది.

ముసలావిడ దాని ముఖంలోకి చాలాసేపు చూసింది. "నువ్వొస్తావా?"

"వస్తా."

లీల అత్తయ్య పెద్ద సూట్‌కేసు సర్దింది. చలికోట్లు, పదిహేను చీరలు, గోడమీది తాతయ్య ఫోటో. "మూడ్రోజులకి ఇన్నెందుకత్తయ్యా?" అంటే, "చలి కదమ్మా," అని జిప్పు లాగేసింది. ఫోటోకి చలేమిటో అడగాలని కరోలిన్‌కు తోచనేలేదు.

కారు క్లేటన్ హోము వైపు తిరగలేదు. "అక్కడ బెడ్ వచ్చేవారానికి గానీ ఖాళీ కాదంట," అన్నాడు మావయ్య అద్దంలో చూడకుండా. ఊరంతా అడ్డంగా దాటి, గంటన్నర పోయి, మెల్టన్ అవతల ఒక కొత్త బిల్డింగు ముందు ఆపాడు. తలుపు పక్కన మీటలున్న పెట్టె, నాలుగంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. అమ్మమ్మ గుడ్డసంచి భుజాన వేసుకుని, కరోలిన్ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. దారి పొడుగునా మావయ్య తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. కరోలిన్‌కు అది దుఃఖమనిపించింది. మనిషి మంచివాడే పాపం, అనుకుంది.

శుక్రవారం ఉదయం రెండు రైళ్ళు, ఒక బస్సు మారి కరోలిన్ అక్కడికి చేరింది. రిసెప్షన్‌లో అమ్మమ్మను తీసుకెళ్ళడానికి వచ్చానని చెప్పింది. అక్కడి ఆవిడ స్క్రీన్ చూసి, మెల్లగా, ఆవిడ ఇక్కడ శాశ్వతంగా చేరారనీ, బయటికి తీసుకెళ్ళాలంటే కొడుకు అనుమతి కావాలనీ చెప్పింది.

"ట్రయల్ కదా?"

"కాదమ్మా. మే ఇరవై ఎనిమిదిన సంతకాలు అయ్యాయి. గది ఖాళీ అయ్యేదాకా ఆగామంతే."

మే ఇరవై ఎనిమిది. కరోలిన్ మొదటి హోము గడప తొక్కింది జూన్ ఆఖర్లో. ఆ వాసనలు, ఆ గోళ్ళు, గడియారం పెట్టుకుని కూర్చున్న మధ్యాహ్నాలు, అంతా ఉత్తదే. అక్కడే నిలబడి జాక్లిన్‌కు ఫోన్ చేసింది. "మీ మావయ్య మాకు ఫోనే చెయ్యలేదమ్మా. రెండు వారాలు గది అట్టే పెట్టాం. మొన్ననే ఇంకొకరికి ఇచ్చాం," అందావిడ.

రిసెప్షన్ ఆవిడ ఓదార్చబోయింది. "బాధపడకు, చాలా బాగా సర్దుకున్నారు. ఇంటికెళ్తానని తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా సభలు రేపు అని చెప్తున్నాం. వెంటనే వెళ్ళి కూర్చుంటారు. నువ్వు రాసిన కాగితం మాకెంత ఉపయోగపడిందో!"

ఆ రెండు పేజీలు ఆవిడ తెరిచిన ఫైల్లో ఉన్నాయి. చివరి వాక్యం మీద ఎవరో పసుపురంగు పూశారు. స్నానం అనే మాట వదిలేసి మిగతాది వాడుకుంటున్నారు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. పైగా ఆ కత్తి నూరి ఇచ్చింది తనే. కరోలిన్ మావయ్యకు ఫోన్ చేసింది.

"నాతో ఎందుకలా ఆడుకున్నారు మావయ్యా?"

"క్లేటన్‌లో పెడితే ఆదివారం సంఘమంతా అక్కడే ఉంటుంది అమ్మాయ్. పెద్దాయన తల్లిని హోమ్‌లో పడేశాడంటారు. రేపు నేను ముందుకెళ్ళి ప్రార్థన ఎలా చెయ్యను? ట్రై టు అండర్‌స్టాండ్."

"మరి నన్నెందుకు ఆ హోములన్నీ తిప్పారు?"

"నీకు నమ్మకం కుదరకపోతే నువ్వు అమ్మకి చెప్పవు కదా." గొంతు సవరించుకున్నాడు. "అయినా నేను అమ్మకి అబద్ధం చెప్పలేదు. ఒక్క మాట చెప్పానేమో గుర్తు తెచ్చుకో. చెప్పింది నువ్వు."

ఫోన్ పెట్టేశాడు. కారులో ఆ మౌనం దుఃఖం కాదని కరోలిన్‌కు అప్పటికి అర్థమైంది. కౌంటర్ మీది పెన్ను తీసుకుని, పసుపు పూసిన ఆ వాక్యాన్ని కాగితం చిరిగేదాకా కొట్టేసింది. రిసెప్షన్ ఆవిడ అడ్డు చెప్పలేదు.

లోపల అమ్మమ్మ తెల్లచీర కట్టుకుని, నెత్తిన కొంగు వేసుకుని, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కరోలిన్‌ను చూడగానే లేచింది.

"వచ్చావా? పద."

కరోలిన్ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడవకూడదనుకుంది గానీ ఆగలేదు. "అమ్మమ్మా, ఇక్కడ సభలు లేవు."

"తెలుసే." కస్తూరమ్మ కొంగుతో దాని ముఖం తుడిచింది. "ముప్పై ఏళ్ళు సభలు చేసినదాన్ని, నాకు తెలీదా? వచ్చిన రోజే తెలిసింది. పాట లేదు, ప్రార్థన లేదు, ఒక్కడి చేతిలో పుస్తకం లేదు. మూడో రోజు వస్తానన్నావు కదా, అందుకని కూర్చున్నా. పద, ఇంటికి పోదాం."

సంచి దాని చేతికిచ్చి, మీటలున్న తలుపు దగ్గరికి తనే నడిచి, కరోలిన్ తెరుస్తుందని ఎదురుచూస్తూ నిలబడింది.

"నేను తీసుకెళ్ళలేను అమ్మమ్మా," అంది కరోలిన్ సంచి గుండెకు హత్తుకుని. "మావయ్య ఎప్పుడో సంతకం పెట్టేశాడు. నాకు తెలీదు. నిన్నే కాదు, నన్నూ మోసం చేశాడు."

ముసలావిడ తలుపు వైపు చూసింది. తర్వాత మనవరాలి వైపు చూసింది. ఇన్ని నెలల్లో ఆ కళ్ళు అంత తేటగా ఎప్పుడూ లేవు.

"శౌరి నన్నెట్టా మోసం చేస్తాడే? వాడి మాట మీద నేను గడప దాటేదాన్నా? నేను నమ్మి వచ్చింది నిన్ను."

సంచి వెనక్కి తీసుకుని, నడిచి వెళ్ళి, తన కుర్చీలో తను కూర్చుంది.