ఆరు నెలల కాగితం

నాలుగో నంబరే వేయించవే, అందరూ అదేగా వేయించేది, అని అత్తయ్య నా మోచేయి పట్టుకుని లాగుతోంది, పోయినవాళ్ళ ఫొటోలతో వీధుల్లో అంటించే కాగితాలు అచ్చు వేసే ఈ షాపులో దుఃఖం కూడా చెప్పుల సైజుల్లా నంబర్లతో దొరుకుతుంది, ఒకటోది తల్లులకి, రెండోది చిన్నవయసులో పోయినవాళ్ళకి, నాలుగోది భర్తలకి, తీరని దుఃఖంతో తెలియజేయునది ఏమనగా అని మొదలవుతుంది, ఏప్రిల్లో మా ఆయన లూబెన్ పోయిన రోజున అదే వేయించాను, నలభయ్యో రోజుకీ అదే, అప్పుడు నా చేతికి ఏ కాగితం ఇచ్చినా తలూపేదాన్ని, ఇప్పుడు ఆరు నెలలు, రేపు చర్చిలో ఆయన పేరున ఉడికించిన గోధుమలు పంచాలి, ఈ సాయంత్రానికల్లా ఆయన ఫొటోతో కాగితం మా వీధి తలుపుకి, బస్టాపుకి, ఆయన పనిచేసిన ట్రాలీబస్సుల డిపో గేటుకి అంటించాలి, మధ్యాహ్నానికి షాపు మూసేస్తారు, అయినా సరే ఈసారి మాటలు నావే, రాయకుండా ఈ కౌంటరు దగ్గర్నుంచి కదిలేది లేదు.

ఎందుకంటే వేసవిలో బస్టాపులో చూశాను కదా, ఒకావిడ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ నిలబడింది, ఆవిడ చూపు లూబెన్ ముఖం మీద నుంచి పక్క కాగితం మీదకి, దాని మీద నుంచి ఇంకొకదాని మీదకి జారుకుంటూ వెళ్ళి అద్దె ఇంటి ప్రకటన దగ్గర ఆగింది, అక్కడ మాత్రం శ్రద్ధగా చదివింది, నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన నడిపిన బస్సు కోసమే నిలబడి ఆయన్ని చూడకుండా పోతుందా అనుకున్నాను, తర్వాత ఇంటికి నడుస్తుంటే ఆలోచించాను, పాపం ఆవిడ తప్పేముంది, గోడ నిండా కాగితాలన్నీ ఒకే మాటతో మొదలైతే ఎవరు ఆగుతారు, ఏళ్ళ తరబడి బళ్ళో నేను పిల్లలకి మొత్తుకున్నది అదే కదా, వరుసగా వాక్యాలన్నీ ఒకే మాటతో మొదలుపెడితే చదివేవాడు నిద్రపోతాడర్రా, ఒకటి చోటుతో మొదలుపెట్టండి, ఒకటి వేళతో, ఒకటి పనితో, ఇదిగో కంప్యూటర్ ముందు కూర్చున్న ఈ మిలెనా కూడా నా దగ్గర చదివిందే, టీచర్, నిదానంగా రాయండి, తొందరేం లేదు అంటోంది, అంటూనే గడియారం వంక చూస్తోంది, నా వెనక టోపీ పెట్టుకున్న ఒకాయన గొంతు సవరించుకుంటున్నాడు, సవరించుకోనీ, ఆయనా ఎవరికోసమో వచ్చినవాడేగా.

లూబెన్ ట్రాలీబస్సు నడిపేవాడు, లూబెన్ ఎవరినీ నొప్పించలేదు, లూబెన్ మాకు, అని రాశాను, ఛీ, నా చేయి దానంతటదే ఎర్ర పెన్సిలు కోసం వెతుకుతోంది, కొట్టేశాను, చోటుతో మొదలుపెడదాం, వంతెన మలుపు దగ్గర, అవును, అక్కడే ఎప్పుడూ బస్సు నెత్తిమీద కరెంటు అందుకునే కొమ్ములు పై తీగల నుంచి జారిపోయేవి, ఆయన మంచులో దిగి చేతి తొడుగులు వేసుకుని తాడు పట్టి లాగుతుంటే లోపలున్నవాళ్ళు కిటికీలోంచి ఏం బాబూ, ఇవాళ మీ ఆవిడ కాఫీ ఇవ్వలేదా అనేవారట, ఇచ్చింది, వ్యాకరణంతో కలిపి ఇచ్చింది అనేవాడట, ఆ మాట తనే ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వేవాడు, నాకు కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు, సరే, వంతెన మలుపులో మంచులో దిగి తీగలు సరిచేసిన చేతులు అని రాశాను, తర్వాత వేళతో, తెల్లవారక ముందే మొదటి బస్సు తీసి, తర్వాత పనితో, పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూసి తలుపు మూయకుండా ఆగి, బాగుంది, బాగా వస్తోంది, అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని నా భుజం మీదుగా తొంగి చూసి ఇదేమిటే తల్లీ, కాగితమా, కథా, జనం నవ్వుతారు, నా కొడుకుని వీధిలో నవ్వులపాలు చేస్తావా అంది, నవ్వనివ్వండి అత్తయ్యా, నవ్వడానికైనా కాస్త ఆగుతారు అన్నాను, గట్టిగానే అన్నాను, ఆవిడ తలకి చుట్టుకున్న నల్ల రుమాలు గడ్డం కింద బిగించుకుని గోడ వైపు తిరిగింది.

మిలెనా టైపు చేసి పైకి చదివింది, ఒక్కో వాక్యం ఒక్కోలా మొదలైంది, ఎక్కడా తడబాటు లేదు, టోపీ ఆయన బాగుందమ్మా అన్నాడు, నిజంగానే బాగుంది, పిల్లలెవరైనా రాసి ఉంటే పూర్తి మార్కులు వేసేదాన్ని, బస్టాపులో ఆవిడ తప్పకుండా ఆగుతుంది, చివరిదాకా చదువుతుంది, మంచి డ్రైవరు పాపం అనుకుంటుంది, మరి నాకెందుకు తృప్తిగా లేదు, వింటున్నంతసేపూ ఎవరో మంచాయన గురించి విన్నట్టుందే తప్ప లూబెన్ గురించి విన్నట్టు లేదు, అచ్చు వేయనా టీచర్ అంది మిలెనా, ఆగు, ఒక్క నిమిషం ఆగు.

బయట ఎవరి బాల్కనీలోనో చలికాలానికి నిల్వ పెట్టుకోవడానికి మిరపకాయలు కాలుస్తున్నారు, అక్టోబరు కదా, ఆ పొగ షాపులోకి వస్తోంది, లూబెన్, ఆ కిటికీ వేయి, అని నోటిదాకా వచ్చేసింది, నోరు మూసుకున్నాను, లూబెన్, రొట్టె తెచ్చావా, లూబెన్, బూట్లతో లోపలికి రాకు, లూబెన్, నీకే చెప్పేది, పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో నేను మాట్లాడిన మాటలన్నీ అలాగే మొదలయ్యాయి, ఒక్కసారి కూడా మార్చి మొదలుపెట్టాలని తోచలేదు, ఆ మాట విని వాడు తల తిప్పేవాడు, ఆ తర్వాత ఏం చెప్పినా ఫరవాలేదు, ఈ ఆరు నెలల్లో వాడి గురించి ఎంతమందితోనో మాట్లాడాను, ఆయన అలా, ఆయన ఇలా అని, వాడిని మాత్రం ఒక్కసారి పిలవలేదు, ఇంట్లో పిలిస్తే అత్తయ్య బెదిరిపోతుంది, వీధిలో పిలిస్తే పిచ్చిదంటారు, ఇక పిలవడానికి నాకు మిగిలింది ఈ కాగితమే, దాన్ని కూడా బస్టాపులో గింజలు కొరికే ఆవిడ కోసం అందంగా రాస్తున్నానా నేను.

అంతా తీసెయ్ మిలెనా, అన్నాను, చెబుతాను రాసుకో, లూబెన్, వంతెన దగ్గర ఇవాళ కూడా కొమ్ములు జారాయి, లూబెన్, నీ బస్సు నడుపుతున్న ఆ కొత్త కుర్రాడికి తాడు లాగడం రావడం లేదు, లూబెన్, మీ అమ్మ భోజనం సరిగ్గా చేయడం లేదు, లూబెన్, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది, మిలెనా చేతులు ఆగిపోయాయి, టీచర్, అన్నీ ఒకేలా మొదలవుతున్నాయండీ అంది భయం భయంగా, తెలుసమ్మా, అలాగే ఉండనీ అన్నాను, అత్తయ్య గోడ వైపు నుంచి తిరగకుండానే పేరు కాస్త పెద్దక్షరాల్లో వేయమ్మాయ్ అంది, ఎవరు ఆగినా ఆగకపోయినా ఇది వాళ్ళకి రాసింది కాదు, వాడు తల తిప్పడని నాకు తెలుసు, తెలిసే పిలుస్తున్నాను, ఇక మీదట పిలుస్తూనే ఉంటాను.